కోరం

మొదటిసారి ఆ మాట విన్నప్పుడు
ఆత్రం బానక్క నవ్వింది.
"కోరం లేదంటడేంది సారు?
మేం కోరం అని ఎవరన్నరు?
కోరకపోతే ఎండల పడి ఇంతదూరం ఎందుకొస్తం?"
సిరొంచ నుంచి వచ్చిన గ్రామసేవక్ నవ్వలేదు.
తలలు లెక్కపెట్టాడు.
నూట పదకొండు కావాలి, డెబ్బై నాలుగున్నాయి.
మిగిలినవాళ్ళు గోదారి అవతల
పరాయి చేలల్లో మిరపకాయ ఏరుతున్నారు.

అట్లా వాయిదా పడింది
మా గూడెం తునికాకు ధర.

నేను పుస్తకం రాసేదాన్ని.
మాట తెలుగులో, గోండిలో. రాత మరాఠీలో.
నోటికీ పెన్నుకీ నడుమ
ప్రాణహిత అంత వెడల్పు.
"అడివి మాది" అని వాళ్ళు అరిస్తే
"సదరు విషయముపై చర్చ జరిగినది" అని దాటిస్తాను.
సగం మునిగిపోతుంది.

ఇదివరకు ధర ఎక్కడ పుట్టేదో
మాకెవరికీ తెలియదు.
నాగపూర్‌లో ఏదో గదిలో చల్లగాలి కింద పుట్టి
చంద్రపూర్‌లో తొట్టెలెక్కి
కల్లం కాడికి వచ్చేసరికి
మీసాలొచ్చిన మనిషై
మామీదే గుడ్లురిమేది.
కట్టకు డెబ్బై ఆకులు, వంద కట్టలకు ఇంత.
డెబ్బై అనేవారే గాని
గుత్తేదారు మనిషి దుర్గం ఓదెలు చేతిలో
కట్ట ఎప్పుడూ డెబ్బై ఐదుకు గాని మూతపడేది కాదు.
ఆ ఐదాకులు ఏ చట్టంలోనూ లేవు.
ఆ ఐదాకుల మీదే అతను స్లాబు పోశాడు.

తర్వాత శాసన నిర్ణయం వచ్చింది,
ఆకు మీదే, అమ్మేదీ మీరే అని.
మా తెలుగులో శాసనమంటే
రాతి మీద చెక్కిన మాట.
మరాఠీలో శాసన్ అంటే వట్టి సర్కారు.
మేం రాయనుకున్నాం. అది కాగితం.
ముంబయిలో కుర్చీ కిర్రుమన్నప్పుడల్లా
ఇక్కడ ఒక నిబంధన కదులుతుంది.
ఓ ఏడు బ్యాంకు ఖాతాకు రెండు సంతకాలు చాలు.
మరో ఏడు మూడోది ఫారెస్టు సారుది.
ఆ పై ఏడు
ఆ సారే బదిలీ.

వేలం నాడు ఐదుగురు గుత్తేదార్లు
ఐదు జీపుల్లో దిగారు.
ఐదు కవర్లు విప్పితే
ఒకే అంకె, ఒకే సిరా.
బానక్క లేచి నిలబడింది.
"వీళ్ళ కోరం ఎన్నడు తప్పది సూడుండ్రి!"
అమ్మం పొమ్మన్నాం. ఆ పూట భలేగా ఉంది.
మేమే తెంపి, మేమే ఆరబెట్టి
కొనేవాడి కోసం దారి కాశాం.
మే ఇరవై రెండు రాత్రి గాలివాన.

నిజం చెప్పాలి గదా, ఆ ఏడు
పాత ధర కన్నా తక్కువే చేతికొచ్చింది.
ఓదెలు మా వాకిట్లో నిలబడి
"మీ రాజ్యం రేటెంత పడ్డది?" అన్నాడు.
జవాబు ఇప్పటికీ లేదు నా దగ్గర.

పుస్తకం ఉంది.
తడిసిన మూటలు నలభై మూడు.
కాపలా ఎవరిది, ఎవరు నిద్రపోయారు,
పరదాలు కొందామని ఎవరన్నారు,
డబ్బు దండగని ఎవరు వద్దన్నారు.
వద్దన్నది నేనే.
అదీ రాశాను, మరాఠీలో, నా చేత్తోనే.
నాగపూర్ గదిలో తప్పు జరిగిన ఏడు
అక్కడ ఎవరి పేరు రాసుకునేవారో
నాకెవరూ చూపించలేదు.

ఈ ఏడు మళ్ళీ సభ.
మిరప ఏరేవాళ్ళు పడవ దాటి రాత్రే వచ్చేశారు,
వేళ్ళ మంటకు పెరుగు రాసుకుని కూర్చున్నారు.
గ్రామసేవక్ తలలు లెక్కపెడుతున్నాడు.
నూట తొమ్మిది. నూట పది.
మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాడు.
నూట పది.

దుమ్ములో ఓదెలు సైకిల్ దిగుతున్నాడు,
తమాషా చూసి పోదామని.
అతనిదీ ఈ గూడెం ఓటే.
బానక్క కొంగుతో నేల దులిపి
పక్కన జాగా చూపించింది.
"రా, కూసో.
నీ తలకాయ కావాలె మాకు."